తేనె సీసాలో మూడు పేర్లు

కతెమాకో
జనవరి 20, 1984

అమ్మాయ్ ఇసౌరా,

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. రెండు రోజులు కాగితం బల్ల మీద పరిచి, దాని మీద రేడియో స్క్రూలు పోసుకుని పని చేసుకున్నాను. ఆసుపత్రిలో పరుగులు పెట్టే పిల్లకి ఈ ముసలాడి కోడిగీతలు చదివే తీరిక ఎక్కడిది, అయినా రాయడానికి ఇక్కడ జరిగి చచ్చిందేముంది అనుకున్నాను. మీ అమ్మ ఊరుకోదుగా! శాన్ అంద్రేస్‌లో పొద్దస్తమానం చుట్టలు చుట్టి, బస్సు దిగి, ఆ పొగాకు వాసనతోనే నేరుగా నా కొట్టుకొస్తుంది.

"రాశావా బాబాయ్?"

"రాస్తున్నా."

"ఏదీ, చూపించు."

అక్షరాలు రావు కదా అని కరెంటు బిల్లు చూపించి రెండు సాయంత్రాలు నెట్టుకొచ్చాను. మూడోనాడు, "ఇదేంటి, అన్నీ అంకెలే ఉన్నాయి?" అంది. దానికి అంకెలు వచ్చన్న సంగతి మర్చిపోయాను. అందుకని రాస్తున్నాను.

నేనూ సగం డాక్టర్నేనని నీకు తెలుసు. మన పాత డాక్టరు గారు పోతూ పోతూ తన సిరంజి పెట్టె నాకిచ్చారు. ఆయన రేడియో నేను బాగుచేస్తే, ఆఖరి పది రోజులూ పాటలు విన్నారు, ఆ కృతజ్ఞతన్నమాట. అప్పట్నుంచి ఈ వీధిలో ఇంజెక్షన్లన్నీ నావే. నలభై ఏళ్ళు. మొహాలు మర్చిపోతున్నాను గానీ మిగతాది చూపిస్తే మనిషి పేరు చెప్పగలను. అయితే నాకు కాగితం లేదు. మన ఇంట్లో సర్టిఫికెట్ అనేది బాప్టిజానికీ, చావుకీ తప్ప ఇంతవరకూ ఎందుకూ రాలేదు. నీకు వస్తుంది. ఈ హౌస్ సర్జన్ ఏడాది, తర్వాత ఏదో పల్లెలో ఒక ఏడాది, అంతే. మీ అమ్మ రోజూ చుట్టే చుట్టలన్నీ ఆ కాగితం కోసమే.

వాళ్ళు నిన్ను ఎలా చూసుకుంటున్నారు? తింటున్నావా? చలి ఎలా ఉంది? అన్నీ రాయి. నీ ఉత్తరం నేనే మీ అమ్మకి చదివి వినిపిస్తాను. కాబట్టి నన్ను తిట్టాలనుకుంటే వేరే కాగితం మీద తిట్టు.

నీ చిన్నతాత
ఫోర్తీనో

*

పుయెబ్లా
ఫిబ్రవరి 9

చిన్నతాతా, అమ్మా,

బాగున్నాను. చలికి పెదాలు పగిలాయి, కాళ్ళు వాచాయి, ఆకలి మాత్రం బ్రహ్మాండంగా ఉంది. వీధి చివర నువ్వుల బన్నులో మాంసం, చీజ్ కూరి అమ్ముతారు. ఒకటి తింటే రోజంతా మళ్ళీ తిండి మాట ఎత్తక్కర్లేదు. ఎత్తే సమయమూ ఉండదనుకో.

నన్ను ప్రసూతి వార్డులో వేశారు. ఇక్కడ ఎవరు ఎక్కడ ఉండాలో చెప్తాను విను. అందరికంటే పైన వార్డు పెద్ద, డాక్టర్ సమానియేగో. ఆయన కింద మూడో ఏడాది సీనియరు ఉరూతియా. అతని కింద రెండో ఏడాదిలో ఉన్న బెరిస్తాయిన్ అనే ఆవిడ. ఆవిడ కింద చీపురు. చీపురు కింద మేము, హౌస్ సర్జన్లం. మేము కూర్చోకూడదు. పెద్దవాళ్ళు తినకముందు తినకూడదు. తప్పు చేస్తే శిక్ష డ్యూటీ. అంటే ముప్పై ఆరు గంటలు చేసి, ఇంటికెళ్ళే వేళకి మళ్ళీ మొదటి గంట నుంచి మొదలన్నమాట.

నాకొకటి పడింది అప్పుడే! అమ్మా, కంగారుపడకు, నవ్వొచ్చే సంగతే. మొదటి రోజు మధ్యాహ్నం వార్డంతా ఖాళీగా ఉంది. నేను నోరూరుకోక, "ఇవాళ ప్రశాంతంగా ఉంది కదా" అన్నాను. అందరూ తలలు తిప్పి నన్ను చూశారు. ఆ మాట ఆసుపత్రిలో ఎవరూ అనకూడదట. గంట తిరక్కుండా ఆరుగురు పురిటి నొప్పులతో వచ్చారు. ఒకామె మెట్ల మీదే కనేసింది.

"ఏ ఊరు నీది?" అన్నాడు ఉరూతియా.

"కతెమాకో, డాక్టర్."

"మంత్రగాళ్ళ ఊరు! ఓరి దేవుడా, ముందే చెప్పాలి కదమ్మా!"

ఇంకేముంది, నాకు ఉప్పు పట్టిందన్నారు. మన ఊళ్ళో కొందరు జాలర్లని అంటారు చూడు, వాడు పడవెక్కితే చేప పడదని, అలాగే. నేను డ్యూటీ ఎక్కితే జనం వరద. కోటు జేబులో ఉప్పు పొట్లం వేశారు. ఇప్పుడు నా పేరు ఉప్పుపిల్ల. సమానియేగో గారు కూడా అలాగే పిలుస్తున్నారు. నాతో పాటు నసారియో అని ఇంకో హౌస్ సర్జన్ ఉన్నాడు, మంచివాడు, వాడొక్కడే ఇసౌరా అంటాడు, అదీ ఎవరూ లేనప్పుడు.

నేనుండే ఇంటావిడ నా ఉత్తరాలన్నీ ఆవిరి పెట్టి విప్పి చదువుతుంది. ఈసారి ఆవిడ క్షేమం కూడా అడగండి, సంతోషిస్తుంది.

మీ
ఇసౌరా

*

కతెమాకో
ఫిబ్రవరి 27

ఉప్పుపిల్లకి,

నేను చదువుతూ నవ్వాను. మీ అమ్మ నవ్వలేదు. "శిక్ష అంటే ఏంటి బాబాయ్? పిల్లకి నిద్ర లేకుండానా?" అని మూడుసార్లు అడిగింది.

మంత్రాల మీద నా నమ్మకం సంగతి నీకు తెలుసు. సరస్సు ఒడ్డున పెద్ద బోర్డు పెట్టుకుని టూరిస్టులకి దయ్యాల్ని వదిలించే దోన్ ఎవెరార్దో ఉన్నాడే, పోయినేడు ఆయన రేడియో నా దగ్గరికొచ్చింది. ఒక్క స్టేషనే పలుకుతుంది, అదీ వంటల కార్యక్రమం. "ఇది అవతలి ఒడ్డు వాడు చేయించిన పని, ఫోర్తీనో. విప్పేటప్పుడు జాగ్రత్త!" అన్నాడు. విప్పితే లోపల బొద్దింక. చూపించాను. ఆయన వంగి దాన్ని పరీక్షగా చూసి, "చూశావా, బొద్దింక రూపంలో పంపాడు" అన్నాడు. అలాంటివాడితో ఏం వాదిస్తాం. డబ్బులివ్వమంటే, బదులుగా నా శత్రువు ఎవడైనా ఉంటే చెప్పమన్నాడు. నాకు ఎవడూ లేడు. బతుకులో ఒక్క శత్రువునైనా సంపాదించుకోలేదని ఆ రోజు కాస్త చిన్నతనంగా అనిపించింది.

సరే, ఎక్కడికో పోయాను. మీ అమ్మ ఏడుపు చూడలేక కసీల్దా దగ్గరికి తీసుకెళ్ళాను. కసీల్దాకి బోర్డు లేదు, పసిపిల్లలకి దిష్టి తీస్తుంది, అంతే. నీ ఫోటోకి గుడ్డు తిప్పి పగలగొట్టింది. సొన చూసి, "ఎవరివో నోళ్ళు చేదుగా ఉన్నాయి. పేర్లు చెప్పండి" అంది.

"పేర్లెందుకు?" అన్నాను.

"పేర్లు లేకపోతే తేనె ఎవరి నోట్లోకి పోవాలయ్యా? ఊరంతటికీ పొయ్యనా?"

అదీ నిజమే అనిపించింది. నీ ఉత్తరం చూసి మూడు పేర్లూ కాగితం మీద రాశాను, సమానియేగో, ఉరూతియా, బెరిస్తాయిన్. ఆమె చుట్టచుట్టి, లవంగం గుచ్చి, తేనె సీసాలో వేసింది. సదాపాకు, ఎర్ర రిబ్బను కూడా ఇచ్చింది. మంచం కింద పెట్టుకో చాలు. వాళ్ళ నోళ్ళు తీపెక్కుతాయి. ఎక్కకపోతే తేనె తిను, దగ్గుకి మంచిది.

ఇంటి అడ్రసుకి పంపితే నీ ఇంటావిడ విప్పుతుందని, తెలివిగా ఆసుపత్రికే పంపుతున్నాను. పొట్లం మీద నీ పేరు, మన ఊరి పేరు పెద్ద అక్షరాలతో రాశాను, తప్పిపోకుండా.

చిన్నతాత

*

పుయెబ్లా
మార్చి 23

చిన్నతాతా, అమ్మా,

పొట్లం అందింది. ఇంకేమీ ఆసుపత్రికి పంపకండి, దయచేసి.

నేను బాగున్నాను. రెండు నెలలకి వేరే వార్డుకి మారాలి గానీ, నన్ను ఇక్కడే ఉంచారు. పని బాగా నేర్చుకోవచ్చు. ఇప్పుడు నా మీద ఎవరూ కేకలు వెయ్యడం లేదు. ఈస్టర్ ముందు పవిత్రవారానికి రాలేను, డ్యూటీలున్నాయి.

చిన్నతాతా, ఒకటి అడుగుతాను. కొట్టులో రోజంతా ఎవరూ రాకపోతే, సాయంత్రం మాట్లాడినప్పుడు నీ గొంతు నీకు కొత్తగా ఉంటుందా? ఊరికే అడిగాను.

ఇసౌరా

*

కతెమాకో
ఏప్రిల్ 12

అమ్మాయ్,

కేకలు వెయ్యడం లేదు! ఆ మాట మీ అమ్మకి నాలుగుసార్లు చదివాను. ఐదోసారి అడిగితే కాగితం చూడకుండానే చెప్పాను. కసీల్దాకి చెబితే, ఎగిరి గంతెయ్యకుండా, "నేను చెప్పలే?" అని ముక్కు మాత్రం కాస్త పైకెత్తింది. మర్నాటికి ఆమె గుమ్మంలో నలుగురు కోడళ్ళు నిలబడ్డారు, చేతుల్లో అత్తగార్ల పేర్లు. ఊళ్ళో తేనె దొరకడం లేదు.

నా గొంతు సంగతి అడిగావు. నాకు ఎవరూ రాకపోయినా రేడియోలతో మాట్లాడతాను. అవి ఎదురు చెప్పవు, చెబితే బాగైనట్టు.

పవిత్రవారానికి రావడం లేదని మీ అమ్మ చిన్నబుచ్చుకుంది. నేనన్నాను, "అది డాక్టరవ్వాలా, నీ ఒళ్ళో కూర్చోవాలా?" అని. ఇసౌరా, నా మోచేతి మీద మచ్చ చూశావుగా. నా గురువు కాల్చిన కడ్డీతో పెట్టిన వాత. తప్పు తీగ అతికానని. ఆ రోజు ఓర్చుకున్నాను కాబట్టి ఇవాళ ఈ కొట్టు. పని నేర్పేవాడి చెయ్యి మెత్తగా ఉండదు. ఓర్చుకో. ఇంకో ఎనిమిది నెలలు.

మీ అమ్మ ఉత్తరం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. "రాత కిందికి జారిపోతోందేంటి బాబాయ్?" అంది. బల్ల వంకరగా ఉండి ఉంటుందన్నాను.

చిన్నతాత

*

పుయెబ్లా
మే 30

చిన్నతాతా,

ఇది అమ్మకి చదవకు. చదువుతున్నట్టు కాగితం పట్టుకుని ఏదైనా కల్పించు. నీకు చేతనవును.

పొట్లం వచ్చినప్పుడు డాక్టర్ల గదిలో భోజనాలవుతున్నాయి. ఆయా గుమ్మంలోంచే, "ఉప్పుపిల్లకి! కతెమాకో నుంచి!" అని అరిచింది. నేను అందుకునేలోపు ఉరూతియా అందుకున్నాడు. "చూద్దాం, కప్ప ఉందేమో" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సదాపాకు తీసి చెవిలో పెట్టుకున్నాడు. సీసా వెలుగుకి ఎత్తి చూసి, "లోపల కాగితముంది" అన్నాడు. ఫోర్కుతో లాగాడు. తేనె కారుతూ వచ్చింది. నీ గుండ్రటి అక్షరాలు, తాతా, ఒక్కటీ చెదరలేదు. పైకి చదివాడు.

"ఇది మమ్మల్ని చంపడానికా?"

"కాదు డాక్టర్. నోళ్ళు తీపి కావడానికి."

గది పగిలిపోయేలా నవ్వారు. అతను నవ్వలేదు. చెవిలోంచి ఆకు తీసి బల్ల మీద పెట్టి, వెళ్ళి చేతులు కడుక్కున్నాడు. చాలాసేపు.

ఆ వారంలోనే వార్డులో ఇద్దరు తల్లులు పోయారు, ఒక పసికందు పోయింది. ప్రతి ఏడాదీ ఏదో ఒక వారం ఇలాంటిది వస్తుందని పాత నర్సులన్నారు. వాళ్ళ మాట ఎవరు వింటారు. ఉప్పుపిల్ల నోటితో ఏమంటే అది జరుగుతుందన్నాడు ఉరూతియా. నేను జ్వరమంటే జ్వరం, రక్తమంటే రక్తం. అందుకని వార్డులో నేను నోరు విప్పకూడదు. చెప్పాల్సింది చీటీ మీద రాసి నసారియోకివ్వాలి, వాడు చెప్తాడు. నోరు విప్పితే శిక్ష డ్యూటీ. నాతో మాట్లాడినవాళ్ళకీ శిక్ష డ్యూటీ. కేకలు వెయ్యడం లేదని రాశానే, అది నిజం. మిగతా వార్డుల సీనియర్లు కూడా నన్ను తీసుకోం అని చెప్పేశారు, అందుకే ఇక్కడే ఉండిపోయాను. సమానియేగో గారికి అన్నీ తెలుసు. రౌండ్స్‌లో ఒకసారి, "ఏమ్మా, నాలుక ఇంట్లో మర్చిపోయొచ్చావా?" అన్నారు. అందరితోపాటు ముందు మంచానికి వెళ్ళిపోయారు.

ఏప్రిల్లో ఇంటికి తొమ్మిదిసార్లు వెళ్ళాను.

మే పదిహేడున పదకొండో మంచం మీద ఒనోరియా అని ఒకామె. కొండల మీది ఊరు. మూడో కాన్పు, ఆడపిల్ల, పొద్దున్న తొమ్మిదింటికి. ఇబ్బంది లేకుండా అయింది. ఆమె భర్త గడ్డి టోపీ చేత్తో పట్టుకుని, బట్టల సంచి భుజాన వేసుకుని, కిటికీ బయట నిలబడి ఉన్నాడు. నేను పాపని ఎత్తి చూపించాను. టోపీ ఊపాడు.

రెండింటికి దుప్పటి ఎత్తి చూశాను. కింద గుడ్డలన్నీ తడిసిపోయాయి. పొట్ట మీద చెయ్యివేస్తే గర్భసంచి గట్టిగా తగలాలి. తడిపిండిలా ఉంది. ఒక చేత్తో నొక్కుతూ రెండో చేత్తో చీటీ రాశాను. "11. రక్తం పోతోంది. నాడి 130. వెంటనే." నసారియోకిచ్చాను. వాడు చూసి, జేబులో పెట్టుకుని, సమయం చూసి చెప్తానని సైగ చేశాడు. ముందురోజే వాడికి నా మూలంగా ఒక శిక్ష పడింది.

ఒనోరియా, "డాక్టరమ్మా, అంతా బాగానే ఉందా?" అంది. తలూపాను.

ఎవరూ రాలేదు. పరుగెత్తి ఉరూతియా దగ్గరికెళ్ళాను. కేసు షీట్లు రాసుకుంటున్నాడు. నన్ను చూసి పెదాల మీద వేలు పెట్టుకున్నాడు. ఇంకో చీటీ రాసి ముందు పెట్టాను. చూడకుండా దాని మీద కాఫీ కప్పు పెట్టాడు. నేను అక్కడే నిలబడ్డాను.

అరవొచ్చు కదా, తాతా. ఆ గదికీ ఆ మంచానికీ మధ్య ఇరవై అడుగులు. నాకు నోరుంది. ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. నిలబడ్డంతసేపూ నా బుర్రలో ఒకటే తిరిగింది. నేను రక్తమన్నానంటే నిజంగానే ఆగదేమో అని. నవ్వకు. రెండు నెలలు నిద్ర లేకపోతే నువ్వూ నమ్ముతావు.

మళ్ళీ వచ్చి నొక్కుతూ కూర్చున్నాను. మూడున్నరకి బెరిస్తాయిన్ అటుగా వెళ్తూ చూసి కేకపెట్టింది. అప్పుడు అందరూ పరుగెత్తారు. మందులు, రక్తం, అన్నీ వచ్చాయి. నాలుగూ ఇరవైకి పోయింది.

రిపోర్టులో రాశారు, "రక్తస్రావం సంగతి హౌస్ సర్జన్ ఇసౌరా మాల్పికా సకాలంలో తెలియజేయలేదు" అని. రెండుసార్లు చదివాను. అబద్ధమని అనలేకపోయాను. చీటీలు ఎవరి దగ్గరా లేవు. సంతకం పెట్టాను.

నీ తేనె వల్ల కాదు తాతా అని ఇక్కడ రాద్దామనుకున్నాను. నాలుగుసార్లు రాసి కొట్టేశాను.

ఇసౌరా

*

పుయెబ్లా, ఆసుపత్రి గేటు ఎదురుగా, బెంచీ మీద
జూన్ 9

ఇసౌరా,

నిన్నటి నుంచి ఇక్కడే ఉన్నాను. గేటు దగ్గరావిడ నిన్ను బయటికి పంపరంటోంది, నువ్వు శిక్షలో ఉన్నావట. ఈ కాగితం మాత్రం అందిస్తానంది.

ముందు ఒకటి చెప్పాలి. నా మోచేతి వాత గురించి రాసింది అబద్ధం. ఓర్చుకోలేదు నేను. ఆ రోజే పారిపోయి ఆరు నెలలు చేపలు మోశాను. తర్వాత నాకు పని నేర్పింది ఆయన పెళ్ళాం, ఆయన తాగి పడుకున్నప్పుడు, పక్కన కూర్చోబెట్టుకుని. ఆవిడ ఒక్కసారీ గొంతు పెంచలేదు. ఈ ముక్క ఎవరికీ చెప్పలేదు, వాత కథ బాగుంటుందని. ఆ అబద్ధంతో నిన్ను ఓర్చుకోమన్నాను.

సమానియేగోని చూశాను. కుర్చీ వేయించి కూర్చోబెట్టాడు, మర్యాదస్తుడే. పేర్లు రాసింది నేను, పంపింది నేను, పిల్లకి తెలియదు అని చెప్పాను. "దోన్ ఫోర్తీనో, కుర్రాళ్ళ సరదాలు. మేమందరం దాటొచ్చినవే. నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు నన్ను స్నానాల గదిలో పడుకోబెట్టారు" అన్నాడు. ఏదో పండగ సంగతి చెప్పినట్టు చెప్పాడమ్మా. "మరి ఆ చచ్చిపోయినావిడ?" అన్నాను. "అది రిపోర్టులో ఉంది" అని లేచాడు.

మధ్యాహ్నం ఒక కుర్రాడొచ్చి ఈ బెంచీకి ఆ చివర కూర్చున్నాడు. మొహం నిండా మొటిమలు. బన్ను రెండుసార్లు కొరికాడో లేదో, అది చేతిలో ఉండగానే నిద్రపోయాడు. కోటు మీద పేరు చదివాను. ఉరూతియా. దారి పొడుగునా బస్సులో తిట్లు కూర్చుకుంటూ వచ్చాను, అరవై ఎనిమిదేళ్ళలో నేర్చుకున్నవన్నీ. లేపలేకపోయాను. వాడంతట వాడు లేచాక, "నేను ఇసౌరా తాతని. ఆ సీసా పంపింది నేనే" అన్నాను.

చటుక్కున లేచి రెండడుగులు వెనక్కి వేశాడు. జేబులో ఏదో గట్టిగా పట్టుకున్నాడు. నన్ను చూసి భయపడ్డాడు, ఇసౌరా. సరదా కాదది. నిజమైన భయం. వాడు మొదటి నుంచీ నిజంగానే నమ్మాడు, పెద్ద చదువు చదివినవాడు. నా బతుకులో నన్ను చూసి మొదటిసారి భయపడినవాడు వీడే, ఆ భయానికి ఒక మనిషి పోయింది. "బాబూ, అది తేనె" అన్నాను. వెనక్కి వెనక్కి నడిచి గేటులోకి పోయాడు.

బయటికి రా. రేపు పొద్దున్న ఎనిమిదింటి బస్సుకి రెండు సీట్లున్నాయి. కాగితమొద్దు, ఏమొద్దు. రా.

చిన్నతాత

*

(అదే కాగితం వెనక)

తాతా, వెళ్ళిపో. నువ్వు ఇక్కడున్నావని వార్డంతా తెలిసింది. నువ్వున్నంతసేపు నసారియోకి కూడా శిక్ష వేస్తామన్నారు.

నేను రాను. ఇప్పుడు వచ్చేస్తే నా పేరు మీద మిగిలేది ఆ ఒక్క రిపోర్టే. ఉంటే దాని తర్వాత ఇంకేమైనా రాస్తారేమో. అమ్మకి బాగున్నానని చెప్పు.

కిటికీలోంచి నిన్ను చూశాను. టోపీ పెట్టుకో, ఇక్కడ ఎండ మంచిది కాదు.

*

కతెమాకో
జూలై 15

ఇసౌరా,

నెలన్నరవుతోంది నీ దగ్గర్నుంచి సరైన ఉత్తరం లేక. నాకు రాయడానికి వంక కూడా దొరకడం లేదు. ఈ వంకర కబుర్లన్నీ ఎక్కడ నుంచి వచ్చేవో గానీ ఇప్పుడు రావడం లేదు.

నీ మే నెల ఉత్తరం మీ అమ్మకి చదివాను. వద్దన్నావు. మొదట కల్పించబోయాను, మొదటి వాక్యం దగ్గరే పట్టేసింది. మొత్తం చదివాను. అయిపోయాక, "ఆవిడకి ముందు ఇద్దరు పిల్లలా బాబాయ్?" అంది. అవునన్నాను. లేచి స్టవ్ మీద నీళ్ళు పెట్టింది. మరిగాయి. దింపడం మర్చిపోయింది.

కసీల్దా దగ్గరికి వెళ్ళాను, ఏదో అందామని. ఏమనగలను? పేర్లు రాసింది నేను. ఆసుపత్రికి పంపింది నేను. నా తెలివితేటలు.

అందరికీ ఉత్తరాలు రాశాను. మీ యూనివర్సిటీకి, ఆరోగ్యశాఖకి, ఒక పేపరుకి. యూనివర్సిటీ వాళ్ళు జవాబిచ్చారు. విద్యార్థిని స్వయంగా, సంతకంతో, వార్డు పెద్ద ద్వారా ఫిర్యాదు పంపాలట. వార్డు పెద్ద ద్వారా.

మీ అమ్మ తలుపు గడియ పెట్టడం మానేసింది. నువ్వు ఏ వేళప్పుడు వచ్చినా సరే. ఇంతకంటే ఏం రాయను. రెండు ముక్కలు రాయి. ఒక్క ముక్క రాయి.

చిన్నతాత

*

పుయెబ్లా
ఆగస్టు 21

చిన్నతాతా, అమ్మా,

ఈ నెల మొదటి నుంచి నన్ను పిల్లల వార్డుకి మార్చారు. ఇక్కడి పెద్ద డాక్టరమ్మకి ఉప్పు సంగతులు పట్టవు. మొదటి రోజే, "కూర్చోమ్మా, కాళ్ళు చూడు ఎలా ఉన్నాయో" అంది. కాఫీ ఇచ్చింది. ఏ ఊరని అడిగింది. అందరూ మంచివాళ్ళే. నాతో మాట్లాడతారు. ఇక్కడ ఎవరూ నోరు మూసుకోమనలేదు.

డాక్టరమ్మ నిన్న నన్ను గదిలోకి పిలిచి, గొంతులో ఏమైనా ఇబ్బందా, చూపించుకుంటావా అని అడిగింది. లేదని తలూపాను. పసిపిల్లల దగ్గర మాటలతో పని లేదు, అందుకని ఇక్కడ బాగానే గడుస్తోంది. నసారియో ఆసుపత్రి మానేశాడు. వాళ్ళ నాన్న కొట్లో కూర్చుంటున్నాడట. ఉరూతియా ఎదురుపడితే పక్క మెట్లెక్కి పోతాడు.

యూనివర్సిటీకి రాయడం మానెయ్యి తాతా. అమ్మా, తలుపు గడియ పెట్టుకో.

ఇవాళ పొద్దున్న మెట్ల దగ్గర ఒకాయన నన్ను ఆపాడు. చేతిలో గడ్డి టోపీ, వీపున దుప్పట్లో కట్టిన పాప. ఒనోరియా భర్త. నన్ను గుర్తుపట్టలేదు. ఆమె కేసు రిపోర్టు కోసం వచ్చాడట, కొండల మీంచి దిగి, మూడోసారి. రికార్డుల గది ఎక్కడ డాక్టరమ్మా అని అడిగాడు. చేత్తో చూపించాను. థాంక్స్ చెప్పి, అటు వెళ్ళాడు.

ఇసౌరా